ఇంజన్ల కథ – 8: ఆగని త్రికోణం

పోయిన భాగంలో ఆయిల్ ఇంజను మన మెట్టకు వచ్చిన దారి చూశాం. ఇంగ్లండులోని గ్రాంథమ్ ఊళ్లో, హార్న్స్‌బీ కార్ఖానాలో, అక్రాయిడ్ స్టువార్ట్ ఊహ ప్రకారం తయారైన ఇంజను ఎర్రగా కాలిన గుండుతో నూనెను మండించింది. గుండు కూడా అక్కర్లేదు, గాలిని గట్టిగా నొక్కితే ఆ వేడికే నూనె అంటుకుంటుందని 1897లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించాడు. ఆ వంశంలో పుట్టిన చిన్న ఇంజన్లే చివరికి కొత్తపట్నం ఇసుక నేలల్లో దొరువు గట్టున కూర్చుని నీళ్లు తోడాయి. అక్కడిదాకా వచ్చి ఆగాం.

ఈ భాగంలో కథానాయకుడు జన్మలో డ్రైవింగ్ లైసెన్సు తీసుకోని మనిషి. కాలేజీ గడప తొక్కలేదు. చూపు చాలా మందం. అయినా ఇరవయ్యో శతాబ్దంలో కార్ల కంపెనీలెన్నో అతని గుమ్మం ముందు వరస కట్టాయి. అతని పేరు ఫెలిక్స్ వాంకెల్.

ఆ మనిషి దగ్గరకు వెళ్లేముందు అతన్ని నిద్రపోనివ్వని సంగతేమిటో చూడాలి. ఒంగోల్లో ఏ మెకానిక్ షెడ్డులోనైనా పాత డీజిల్ ఇంజను హెడ్డు విప్పి, పిస్టను పైకి తీశాక, బోరు లోపలి పైఅంచు మీద గోరు పెట్టి కిందికి లాగి చూడండి. ఒకచోట సన్నటి మెట్టు గోటికి తగులుతుంది. ఆ మెట్టు కింద గోడంతా రింగుల రాపిడికి అరిగిపోయింది, పైన రింగులు చేరని చోట మాత్రం పాత మందమే మిగిలింది. మెకానిక్ ఆ మెట్టు తడిమి చూసే రీబోరు చేయాలా వద్దా అని చెబుతాడు. పిస్టను ఆగి వెనక్కి తిరిగేది సరిగ్గా అక్కడే. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజన్లో పిస్టను సెకనుకు 50 సార్లు పూర్తిగా ఆగుతుంది. ఆగిన బరువును మళ్లీ కదిలించాలి, కదిలినదాన్ని మళ్లీ ఆపాలి. ఇంజను అదురూ, పునాది బోల్టులు వదులు కావడమూ చాలామటుకు అందువల్లే.

మనకు చివరికి కావలసింది తిరిగే షాఫ్టు. అలాంటప్పుడు పైకీ కిందికీ ఊగే పిస్టనుతో మొదలుపెట్టి, కనెక్టింగ్ రాడ్డుతో, క్రాంకుతో దాన్ని తిప్పుడుగా మార్చుకోవడం ఎందుకు? మొదటినుంచే తిరిగితే పోదా? ఈ ప్రశ్న వాంకెల్ కంటే చాలా పాతది. ఇటలీకి చెందిన అగస్తీనో రమెల్లి 1588లో అచ్చువేసిన యంత్రాల పుస్తకంలో తిరిగే నీటి పంపుల బొమ్మలున్నాయి. ఆవిరి యంత్రాన్ని మలిచిన జేమ్స్ వాట్ కూడా తిరిగే ఇంజను కోసం తంటాలు పడ్డాడు. అలాంటి ఇంజను కోసం అప్పట్లో చేసిన ఎవరి ప్రయత్నమూ నిలబడలేదు. అందరూ ఓడింది ఒక్కచోటే. గుండ్రటి పిస్టను చుట్టూ గుండ్రటి రింగు వేయడం తేలిక. తిరిగే మూలలకూ గోడకూ మధ్య ఆవిరి పారిపోకుండా అడ్డు కట్టడం వాళ్ల వల్ల కాలేదు.

వాంకెల్ 1902 ఆగస్టు 13న జర్మనీలో నల్ల అడవి అంచున ఉన్న లార్ ఊళ్లో పుట్టాడు. తండ్రి అటవీ ఉద్యోగి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లోనే యుద్ధరంగంలో చనిపోయాడు. ఒక్కగానొక్క కొడుకుతో తల్లి ఊళ్లు మారింది. ఇంట్లో డబ్బు చాలక 1921లో చదువు మానేసి, హైడెల్‌బర్గ్‌లో పుస్తకాలు అచ్చువేసే సంస్థలో గుమాస్తాగా చేరాడు. పగలు పుస్తకాల గోదాము, రాత్రి గీతలు. సగం టర్బైను, సగం పిస్టను ఇంజనుగా ఉండే యంత్రంతో నడిచే కారు పదిహేడేళ్ల వయసులో కలలోకి వచ్చిందని తర్వాత తనే చెప్పుకున్నాడు. 1924లో స్నేహితులతో కలిసి చిన్న వర్క్‌షాపు పెట్టాడు. 1929కి తిరిగే పిస్టను మీద పేటెంటు కూడా సంపాదించాడు.

అతని జీవితంలో చీకటి భాగాన్ని దాటేసి ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. వాంకెల్ కుర్రతనంలోనే, 1922లో నాజీ పార్టీలో చేరాడు. బాడెన్ ప్రాంతపు నాజీ నాయకుడు రాబర్ట్ వాగ్నర్‌తో అతనికి పడలేదు. వాగ్నర్ అవినీతిపరుడని బాహాటంగా ఆరోపించాడు. 1933లో నాజీలు గద్దెనెక్కగానే వాగ్నర్ అతన్ని జైల్లో పెట్టించాడు. కొన్ని నెలల తర్వాత హిట్లర్ ఆర్థిక సలహాదారు విల్హెల్మ్ కెప్లర్ కల్పించుకుని విడిపించాడు. ఇది పార్టీ లోపలి కుమ్ములాట. అందులో దెబ్బ తిన్నాడు కదా అని వాంకెల్‌ను పీడితుల జాబితాలో వేయలేం. బయటికొచ్చాక అతను వెళ్లింది నాజీ మంత్రి గోరింగ్ విమాన శాఖ నీడలోకే. 1936లో ఆ శాఖ డబ్బుతోనే కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున లిండావ్‌లో అతనికి ప్రయోగశాల వెలిసింది.

ఆ మరుసటేడు, 1937 వేసవిలో, మన కొత్తపట్నంలో సోషలిస్టు యువకులు రాజకీయ పాఠశాల పెట్టారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నిషేధాన్ని ధిక్కరించినవారి మీద లాఠీలు విరిగాయి. ఇక్కడ కుర్రవాళ్లు సామ్రాజ్యాన్ని ఎదిరించి దెబ్బలు తింటున్న రోజుల్లో, అక్కడ లిండావ్‌లో ఒక ప్రతిభావంతుడు అంతకంటే క్రూరమైన రాజ్యపు యుద్ధ విమానాల ఇంజన్లకు తిరిగే వాల్వులు తయారుచేస్తున్నాడు. 1940లో నాజీల ఎస్‌ఎస్ దళంలో పెద్ద హోదా కూడా పుచ్చుకున్నాడు. రెండేళ్లకు వాళ్లే తీసేశారు. అతని ఇంజనును మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టకూడదు.

అయితే అతని అసలు చదువు కూడా ఆ వాల్వుల దగ్గరే సాగింది. మండే వాయువుకు ఎదురుగా, వేడిలో, తిరుగుతూనే సందు మూయగలిగిన సీలు ఎలా ఉండాలి? దాని వెనక వాయువు చేరి దాన్ని గోడకేసి ఎలా నొక్కాలి? వాట్ దగ్గర తెగిన దారం అతని చేతికి దొరికింది ఇక్కడే.

1945లో ఫ్రెంచి సైన్యం లిండావ్ ప్రయోగశాలను విప్పి యంత్రాలు పట్టుకుపోయింది, వాంకెల్‌ను జైల్లో పెట్టింది. మరుసటి ఏడు బయటికొచ్చి, కొన్నేళ్లలో మళ్లీ అదే ఊళ్లో తన ఇంట్లోనే పని మొదలుపెట్టాడు. 1951లో ఎన్‌ఎస్‌యూ కంపెనీతో ఒప్పందం కుదిరింది. అల్లిక యంత్రాలతో మొదలుపెట్టి, సైకిళ్లకు, అక్కడినుంచి మోటారు సైకిళ్లకు ఎదిగిన కంపెనీ అది. యాభైలలో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మోటారు సైకిళ్లు తయారుచేసింది. జర్మన్ల చేతిలో డబ్బు ఆడేకొద్దీ వాళ్లు రెండు చక్రాలు వదిలి నాలుగు చక్రాల వైపు చూడసాగారు. ఎన్‌ఎస్‌యూకి కొత్త దారి కావాలి, కానీ ఫోక్స్‌వాగన్ అంత జేబు లేదు. ఎవరి దగ్గరా లేని ఇంజను తమ దగ్గర ఉంటే చిన్న కంపెనీ అయినా పెద్దవాళ్ల సరసన నిలబడవచ్చన్నది వాళ్ల ఆశ. ఈ కథలో కనబడే తొందరంతా ఆ ఆశలోంచి వచ్చిందే.

మొదట వాంకెల్ గాలిని నొక్కే తిరుగుడు కంప్రెసర్ ఇచ్చాడు. దాన్ని తగిలించిన 50 సీసీ బుల్లి బండి 1956లో అమెరికాలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో గంటకు 196 కిలోమీటర్ల వేగం అందుకుంది. మోపెడ్ అంత ఇంజను అది! నెకార్‌జుల్మ్ ఊళ్లోని ఎన్‌ఎస్‌యూ పెద్దలకు వాంకెల్ మీద గురి కుదిరింది.

అసలు ఆలోచన మాత్రం అంతకు ముందే, 1954 ఏప్రిల్‌లో తట్టింది. ఏళ్ల తరబడి తిరుగుడు యంత్రాల రకాలన్నీ వరసలుగా గీసి, ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చిన వాంకెల్‌కు ఒక జత మిగిలింది. కొంచెం కోలగా ఉండి, మధ్యలో రెండు వైపులా లోపలికి నొక్కినట్టున్న గది. అందులో పక్కలు కాస్త ఉబ్బిన త్రికోణం. గది కదలదనుకుందాం. ఆ త్రికోణం తన చుట్టూ తాను తిరుగుతూ, మధ్యలోని షాఫ్టు చుట్టూ కూడా జరుగుతూ ఉంటే దాని మూడు మూలలూ ఎల్లవేళలా గోడను తాకుతూనే ఉంటాయి. త్రికోణానికీ గోడకూ మధ్య మూడు ఖాళీలు ఏర్పడతాయి. త్రికోణం తిరిగేకొద్దీ ప్రతి ఖాళీ పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది, మళ్లీ తగ్గుతుంది. పెరిగినప్పుడు పెట్రోలు గాలిని పీలుస్తుంది, తగ్గినప్పుడు నొక్కుతుంది. ప్లగ్గు వెలిగాక పెరుగుతూ షాఫ్టును తోస్తుంది, తగ్గుతూ పొగను బయటికి గెంటుతుంది. మామూలు ఇంజన్లో పిస్టను నాలుగు నడకల్లో చేసే పనే ఇది. ఇక్కడ మూడు పక్కలూ ఒకదాని వెనక ఒకటి అదే పని చేస్తుంటాయి. త్రికోణం ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. వాల్వులు లేవు. గోడలోని రంధ్రాలను త్రికోణమే మూస్తూ తెరుస్తూ పోతుంది. ఒక్క రోటరు ఇంజన్లో ముఖ్యమైన కదిలే భాగాలు రెండే: రోటరు, షాఫ్టు. ఆగి వెనక్కి తిరిగేది ఏదీ లేదు.

1957 ఫిబ్రవరి 1న మొదటి ఇంజను నెకార్‌జుల్మ్‌లో పరీక్ష బల్ల మీద నడిచింది. అది వాంకెల్ మనసులో ఉన్న రూపమే. దానిలో త్రికోణమే కాదు, దాని చుట్టూ ఉన్న గది కూడా తిరుగుతుంది. రెండూ తమ తమ కేంద్రాల మీద నిలకడగా తిరుగుతాయి కాబట్టి అదురన్నదే లేదు. నిమిషానికి 17,000 చుట్లు అందుకుంది. చూసినవాళ్లు నోళ్లు తెరిచారు. అయితే ప్లగ్గులు లోపల తిరిగే త్రికోణంలో ఉన్నాయి. ప్లగ్గు మార్చాలంటే ఇంజను మొత్తం విప్పాలి. పెట్రోలు గాలి లోపలికి పంపడమూ చిక్కే. అలాంటి ఇంజనుతో కారు ఎవరు కొంటారు?

ఈ ప్రశ్న వేసినవాడు ఎన్‌ఎస్‌యూ పరిశోధన విభాగం పెద్ద వాల్టర్ ఫ్రోడె. బయటి గదిని కదలకుండా బిగించేసి, త్రికోణాన్ని మాత్రమే తిప్పాలని నిర్ణయించాడు. హన్స్ డీటర్ పాష్కె అనే ఇంజనీరు ఆ పని చేపట్టాడు. అలా పుట్టిన ఇంజను 1958 జూలైలో నడిచింది. ప్లగ్గులు బయటి గోడలోకి వచ్చాయి. విప్పడం, బిగించడం, తయారుచేయడం అన్నీ తేలికయ్యాయి. ఇవాళ ప్రపంచం వాంకెల్ ఇంజను అంటున్నది దీన్నే. వాంకెల్ మాత్రం దీన్ని మెచ్చలేదు. నా పందెం గుర్రాన్ని తీసుకెళ్లి నాగలికి కట్టారు అని మండిపడ్డాడట. ఒంగోలు ఎడ్లు పెంచేవాళ్లకు ఆ బాధ చప్పున తెలుస్తుంది. బండలాగుడు పోటీల కోసం మేపిన జతను అరకకు కడితే యజమాని ఊరుకుంటాడా? అయినా పొలం దున్నితేనే కదా ఇల్లు గడిచేది. ఈ తగవులో నేను ఫ్రోడె, పాష్కెల పక్షం. ఊహ వాంకెల్‌ది, అందులో అనుమానం లేదు. కానీ మనుషులు తొక్కి నడిపిన కార్లలోకి వెళ్లింది వాళ్లిద్దరూ మలిచిన ఇంజను. పేరు మాత్రం ఒక్కరిదే నిలిచింది.

1958లోనే అమెరికాలోని కర్టిస్ రైట్ కంపెనీ లైసెన్సు కొన్నది. మరుసటేడు ఆ సంగతి బయటపడగానే ఎన్‌ఎస్‌యూ షేర్లు ఎగబాకాయి. 1960 జనవరిలో మ్యూనిక్‌లో ఇంజనీర్ల సభ ముందు ఇంజనును ప్రదర్శించారు. తర్వాత పదేళ్లలో డైమ్లర్ బెంజ్, జపాన్ నుంచి మాజ్దా కార్లు చేసే టోయో కోగ్యో, రోల్స్ రాయిస్, చివరికి 1970లో 5 కోట్ల డాలర్లకు ఒప్పుకుని జనరల్ మోటార్స్, ఒకరి వెనక ఒకరు వచ్చి సంతకాలు పెట్టారు. పిస్టను ఇంజనుకు కాలం చెల్లిందని పత్రికలు రాశాయి.

ఎన్‌ఎస్‌యూ 1964లో స్పైడర్ అనే చిన్న కారు అమ్మింది. తిరుగుడు ఇంజనుతో బజారుకు వచ్చిన మొదటి కారు అదే. 1967లో వచ్చిన ఆర్ఓ 80తో కంపెనీ ఉన్నదంతా పందెంలో పెట్టింది. క్లాస్ లూటె గీసిన ఆ కారు గాలిని చీల్చుకుపోయేలా నున్నగా ఉంటుంది. ఇప్పుడు చూసినా అరవై ఏళ్ల నాటిదంటే నమ్మబుద్ధి కాదు. రెండు రోటర్లు, 115 గుర్రాల శక్తి, చేత్తో తాకి చూసినా లోపల అదురు తెలియనంత నెమ్మది. యూరప్ 1968 సంవత్సరపు కారు బహుమతి దానికే వచ్చింది. జర్మన్ కారుకు ఆ బహుమతి అదే మొదటిసారి.

కొన్న కొన్ని నెలలకే బండ్లు తిరిగి రావడం మొదలైంది. స్టార్టు కావు, పొగ, ఊపు లేదు. మెకానిక్‌లు విప్పి చూస్తే తప్పంతా రోటరు మూలల్లోని సీళ్లది.

ఆ సీలు 67 మిల్లీమీటర్ల పొడవున్న సన్నటి లోహపు బద్ద. రోటరు మూలలో గాడి ఉంటుంది. గాడి అడుగున పల్చటి స్ప్రింగు, దాని మీద ఈ బద్ద. బద్ద అంచు గోడను తాకుతుంది. పిస్టను రింగు బోరుకు ఎప్పుడూ ఒకే వాలులో ఆనుకుంటుంది, దానికి నూనె పొర అండగా ఉంటుంది. ఈ బద్ద అలా కాదు. గది కోలగా ఉంది కాబట్టి తిరిగేటప్పుడు గోడకు ఇటు 25 డిగ్రీలు, అటు 25 డిగ్రీలు ఒరుగుతూ పోతుంది. గోడను తాకేది ఒక గీత మేరకే. ఆ గీతకు ఒకవైపు మంట, రెండోవైపు అప్పుడే వచ్చిన చల్లటి పెట్రోలు గాలి. పైగా ఈ ఇంజన్లో మంట ఎప్పుడూ గదిలో ఒకే పక్కన లేస్తుంది. మామూలు సిలిండరులో మంట పడిన చోటనే తర్వాత చల్లటి గాలి కూడా వస్తుంది, గోడ తేరుకుంటుంది. ఇక్కడ ఒక పక్క ఎప్పుడూ కాలుతుంది, ఇంకో పక్క ఎప్పుడూ చల్లగా ఉంటుంది. గోడ సమంగా వ్యాకోచించదు, బద్ద దాని మీద అదురుతూ గాట్లు పెడుతుంది. గాటు పడ్డ చోట వాయువు జారుతుంది. జారితే కంప్రెషన్ పోయినట్టే.

కంపెనీ పరీక్షల్లో ఇదంతా ముందే ఎందుకు బయటపడలేదని అడగాలి. పరీక్ష బల్ల మీద ఇంజను వేడెక్కి గంటల తరబడి ఒకే తీరున తిరుగుతుంది. ఊళ్లో కారు అలా తిరగదు. పొద్దున చల్లటి ఇంజనుతో బయల్దేరి, ఆఫీసుదాకా వెళ్లి, ఆపి, సాయంత్రం మళ్లీ చల్లటి ఇంజనుతోనే ఇంటికి. ఆ వాడుకకే సీళ్లు ముందు లొంగిపోయాయి. ఎన్‌ఎస్‌యూ బాధ్యత తప్పించుకోలేదు. గ్యారంటీ కింద ఇంజన్లకు ఇంజన్లే మార్చి ఇచ్చింది. ఆర్ఓ 80 సొంతదారులు రోడ్డు మీద ఎదురైతే తమ బండికి ఎన్ని ఇంజన్లు మార్పించారో అన్ని వేళ్లు ఎత్తి చూపుకునేవారని జర్మనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వేళ్లకు డబ్బు కట్టింది కంపెనీ.

చిన్న కంపెనీ ఎంతకాలం ఓర్చగలదు? 1969లో ఫోక్స్‌వాగన్ దాన్ని తన చేతిలోని ఆటో యూనియన్ కంపెనీలో కలిపేసుకుంది. ఎన్‌ఎస్‌యూ సిద్ధం చేసిపెట్టిన మామూలు పిస్టను కారు కె 70 ఫోక్స్‌వాగన్ బిళ్లతో బజారుకు వెళ్లింది. సీళ్ల లోహం మార్చాక ఆర్ఓ 80 ఇంజను బాగుపడింది, కానీ పోయిన పేరు తిరిగి రాలేదు. 1977లో ఆపేసేనాటికి తయారైనవి 37,000 పైచిలుకు.

1973 చమురు సంక్షోభమే ఈ ఇంజనును చంపిందని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. అది సగం నిజం. ఈ ఇంజను పెట్రోలు ఎక్కువే తాగుతుంది. మండే గది పొడవుగా, పల్చగా ఉండడంతో మంట మూలమూలకూ అందక కొంత పెట్రోలు కాలకుండానే పోతుంది. పెట్రోలు ధర పెరగగానే జనరల్ మోటార్స్ 1974లో పక్కకు తప్పుకుంది, సిట్రోయెన్ తన రెండు రోటర్ల కారును మానుకుంది. అయితే నెకార్‌జుల్మ్ కంపెనీ కుప్పకూలింది అంతకు నాలుగేళ్ల ముందే. పెట్రోలు చవగ్గా ఉన్న రోజుల్లోనే. దాన్ని ముంచింది 67 మిల్లీమీటర్ల బద్ద, ఆ బద్దకు ఇంకో రెండు మూడేళ్లు గడువు ఇవ్వలేని పేదరికం. ఆ గడువు దొరికి ఉంటే ఏమయ్యేదో చెప్పడానికి ఊహలు అక్కర్లేదు. గడువు ఇచ్చిన కంపెనీ ఇంకొకటి ఉంది.

వాంకెల్ మాత్రం నష్టపోలేదు. 1971లో అతనూ భాగస్వామీ తమ లైసెన్సు కంపెనీని 10 కోట్ల మార్కులకు లోన్రో సంస్థకు అమ్మేశారు. డిగ్రీ లేని మనిషికి మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ప్రయోగశాలల్లో జంతువులను హింసించకుండా పరిశోధన చేసేవారికి తన పేర బహుమతి పెట్టాడు. తన ఆర్ఓ 80లో, డ్రైవరు నడుపుతుంటే తిరిగాడు. 1988 అక్టోబరు 9న హైడెల్‌బర్గ్‌లో కన్నుమూశాడు.

వచ్చే భాగంలో, సీళ్లకు గడువు ఇచ్చిన కంపెనీ టోయో కోగ్యోను చూడడానికి హిరోషిమాకు వెళ్దాం. 1961లో కాగితాలతో పాటు జర్మనీనుంచి వచ్చిన ఇంజనును విప్పిన జపాన్ ఇంజనీర్లకు గది గోడ మీద వరసగా గాట్లు కనబడ్డాయి. వాటికి వాళ్లు దెయ్యపు గోళ్ల గీతలని పేరు పెట్టారు. కెనిచి యమమొతో నాయకత్వంలో 47 మంది ఆ గీతల మీద ఏళ్ల తరబడి ఎలా పోరాడారు, ఆ ఇంజనే 1991లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెం ఎలా గెలిచింది అన్నది చూద్దాం. అక్కడినుంచి మన పొరుగుకు వస్తాం. చిత్తూరు సరిహద్దు దాటితే తగిలే, తెలుగు మాట ఇంకా వినిపించే కోలారులో, 2009 మార్చి 29 తెల్లవారుజామున నిశాంత్ అనే మానవరహిత విమానం గాల్లోకి లేచింది. దాన్ని లేపింది మన దేశంలో రూపొందిన 55 గుర్రాల శక్తి వాంకెల్ ఇంజను. కారు వదిలేసిన త్రికోణం విమానానికి ఎందుకు కావలసి వచ్చిందో అక్కడే తేల్చుకుందాం.